తుమ్ము దగ్గర ఆగాలి

నా మనవరాలికి పందొమ్మిదో ఏట ఒక జబ్బు చేసింది. తాను ఎవరో తెలుసుకోవాలట. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ రాని జబ్బు అది. పచ్చకామెర్లు వచ్చాయి, కీళ్ళ జ్వరాలు వచ్చాయి, ఇది మాత్రం రాలేదు.

అప్పుడది చీరాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మాది మార్టూరు దగ్గర ఊరు. పొద్దున్నే బస్సెక్కి పోయేది, సాయంత్రం దిగేది. దాని తల్లి, అంటే మా అమ్మాయి, రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో పనికి పోతుంది కాబట్టి ఇంట్లో ఉన్నంతసేపూ పిల్ల నా నెత్తిమీదే ఉండేది.

ఆ జబ్బుకు తోడు ఇంకోటి కూడా పట్టుకుంది. ఆనందం. ఆనందం అంటే ఏమిటో కనిపెట్టాలట. రోజూ పొద్దున మనకు ఆనందం ఇచ్చిన మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలని ఫోన్లో ఎవరో చెప్పారు. మొదటి రోజు రాసింది: సూర్యోదయం, మౌనం, అమ్మమ్మ. నాలుగో రోజుకు వచ్చేసరికి: పూరీ, పూరీ, సెలవు.

తర్వాత పశువును కౌగిలించుకుంటే మనసు తేలికపడుతుందని ఎక్కడో చూసి పక్కింటి గేదె మెడ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. దీని మనసు తేలికపడిందో లేదో గానీ గేదె ఆ పూట పాలు సగమే ఇచ్చింది. పక్కింటామె మా గుమ్మం ముందుకొచ్చి, "మీ పిల్లకి ఆనందం కావాలంటే సొంత గేదెను కొనుక్కోమను" అని పోయింది. న్యాయమే.

కవిత్వం వీటన్నిటికంటే ముందునుంచే ఉంది. నీలం అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. అది నేను చదివాను. దొంగతనమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బల్లమీద పెట్టిన పుస్తకం చదవడానికే కదా.

నా చదువు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు వచ్చాయి. అంతకుముందు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అందరితోపాటు పాడేదాన్ని. పాటలన్నీ నోటికొచ్చు కాబట్టి పుస్తకం చేతిలో ఉంటే అందంగా ఉంటుందని పట్టుకునేదాన్ని. ఒక ఆదివారం ముందు వరుసలో చిన్నపిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసి కిసుక్కున నవ్వింది. నా పుస్తకం అట్టమీద సిలువ తలకిందులుగా ఉంది. ఎన్నేళ్ళుగా అలా పట్టుకున్నానో దేవుడికే తెలియాలి. ఆ వారమే పలక కొనుక్కుని పాస్టరమ్మ గారి దగ్గరకు పోయాను. ఆవిడ ఓపికకు దండం పెట్టాలి. గుణింతాలు తొందరగానే వచ్చాయి గానీ ఒత్తులు నన్ను ఏడిపించాయి. ఇప్పటికీ ఒత్తు కనిపిస్తే ఒక క్షణం ఆగి దాని మొహం చూసి గానీ ముందుకు పోను.

ఆలస్యంగా అక్షరాలు వచ్చినవాళ్ళం కనిపించిందల్లా చదువుతాం. పురుగుమందు డబ్బా చదువుతాం, ఉప్పు ప్యాకెట్ చదువుతాం, ముందుపోయే లారీ వెనకాల చదువుతాం. మనవరాలి నోటుబుక్కును వదిలిపెడతామా?

మొదటి పేజీలో పైన 'అస్తిత్వం' అని ఉంది. రెండు ఒత్తులు. దాన్ని దాటడానికే నాకు టీ చల్లారిపోయింది. కింద 'నా లోపలి శూన్య సముద్రంలో నన్ను నేను వెతుక్కుంటున్నాను' అని ఉంది. తర్వాత పేజీలో 'నేను గాలికి ఎగిరే పత్తి పువ్వును' అని ఉంది. నేను ఊరుకోలేకపోయాను. మిరప కల్లంలో నా పనే కాయలు ఏరడం. ఎర్రగా నిగనిగలాడేది మేలు కాయ, తెల్లబోయి మచ్చలు పడ్డది తాలు కాయ. కళ్ళు మూసుకుని కూడా తాలు ఏరిపారేస్తాను. పెన్సిల్ తీసుకుని ఆ వరుసల పక్కన 'తాలు' అని రాసుకుంటూ పోయాను. ఈ మాటకు ఒత్తు లేదు, హాయిగా రాసుకోవచ్చు.

సాయంత్రం వచ్చి చూసుకుంది.

"అమ్మమ్మా, ఏందిది?"

"ఏరాను."

"కవిత్వాన్ని ఏరతారా ఎవరైనా?"

"ఏరకుండా బస్తాలో పోస్తే కొనేవాడు చెయ్యిపెట్టి తీసి మొహాన కొడతాడు. అస్తిత్వం అంటే ఏందే?"

"అంటే... నేను ఉండటం."

"ఉన్నావుగా."

"అట్టా కాదు అమ్మమ్మా."

"మరి ఎట్టా? ఈ పత్తి పువ్వు చూడు. పత్తి పువ్వు గాలికి ఎగరదు. ఎగిరేది దూది. పువ్వు పూసిన రోజు తెల్లగా ఉంటది, మర్నాటికి ఎర్రబడి ముడుచుకుంటది. ఆ తర్వాత కాయ, కాయ పగిలాక దూది. పత్తి చేలో పుట్టి పెరిగి ఈ మాత్రం తెలియకపోతే నువ్వెవరివో నీకేం తెలుస్తదే?"

అది నోరు తెరిచి నావైపు చూసింది. కోపమేమో అనుకున్నాను. "రంగు మారుతుందా?" అని అడిగింది. అంతలోనే మొహం ముడుచుకుని మంచంమీద కూలబడింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

పోయినేడు కాలేజీ వార్షికోత్సవంలో సొంత కవిత చదువుతానని పేరిచ్చిందట. స్టేజీ ఎక్కి, మైకు ముందు నిలబడి "నేను" అంది. ఆ తర్వాతి మాట రాలేదు. మళ్ళీ "నేను" అంది. హాలంతా ఎదురుచూసింది. మూడోసారి కూడా "నేను" అనేసి దిగిపోయింది. ఆ రోజు నుంచి క్యాంటీన్ దగ్గర మగపిల్లలు దీన్ని చూస్తే చాలు "నేను... నేను..." అని ఆగిపోయి ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వుతారట. నాకూ నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఈ ఏడు మళ్ళీ పేరిచ్చాను అమ్మమ్మా. సొంత పాట పాడతానని. ఇంకా మూడు వారాలే. ఈసారి కూడా మధ్యలో దిగిపోయానంటే ఇక రాయను, పాడను. ఈ నోటుబుక్కు నువ్వు నీళ్ళపొయ్యిలో పెట్టుకో."

ఆ మాట వినగానే నాకు నవ్వు ఆగిపోయింది. తాలు ఉంటే ఉంది గానీ, పుస్తకం పొయ్యిలో పెట్టడం నాకు నచ్చదు. అక్షరాల కోసం నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

"రేపు రెండో శనివారం కదా, నాతో కల్లానికి రా" అన్నాను. "ఇంట్లో కూర్చుని సముద్రంలో ఎతుక్కుంటే ఏం దొరకదు. మనకు సముద్రం చీరాల అవతల ఉంది. మన దగ్గర ఉన్నది మిరపకాయలు."

కల్లంలో మా పద్ధతి ఒకటి ఉంది. అది పెట్టింది నేనే. ఎండిన కాయలు మధ్యలో కుప్పగా ఉంటాయి. చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్ళం కూర్చుంటాం. ఎవరి ముందున్న కాయలు ఏరడం అయిపోతే వాళ్ళు కుప్పలోంచి రెండు చేతులతో ఇంకొన్ని ముందుకు లాక్కోవాలి. లాగినప్పుడు దుమ్ము లేస్తుంది. మిరప దుమ్ము గురించి తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు. మొహానికి గుడ్డ కట్టుకున్నా ముక్కులోకి దారి వెతుక్కుని మరీ వస్తుంది. ఒక్కొక్కళ్ళు ఒక్కోసారి లాక్కుంటే ఒకరి దుమ్ముకు ఇంకొకరు పూటంతా తుమ్ముతూనే ఉండాలి. అందుకని పాట పెట్టాను. రెండు వరుసలు పాడతాం, అందరం ఒక్కసారే కుప్ప లాక్కుంటాం, అందరం ఎడమ భుజంవైపు మొహం తిప్పి ఒక్కసారే తుమ్ముతాం, తర్వాత మిగతా రెండు వరుసలు అందుకుంటాం. కొందరు తుమ్ము వినిపిస్తే అపశకునమని ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరతారు. మేము అలా ఆగితే కాయలు వానలో తడుస్తాయి.

మనవరాలు ఫోను పట్టుకుని ఒక మూల కూర్చుంది. మా తోటికోడలు గొంతెత్తింది. ఆమె గొంతు పెద్దది, ముక్కు ఇంకా పెద్దది.

"తాలుకాయ తాలుకాయ నీ ఊరేదే
మేలుకాయ పక్కన నీ చోటేదే"

సర్రున కుప్ప లాగాం. మొహాలు తిప్పాం. పన్నెండు తుమ్ములు ఒక్క తుమ్ములా పడ్డాయి. కొట్టంమీది కాకులు లేచిపోయాయి. మళ్ళీ అందుకున్నాం.

"ఎండలో ఎండితే ఎవరి తప్పే
మంచులో నానితే ఎవరి తప్పే"

పిల్ల కళ్ళు, ముక్కు ఏకధారగా కారుతున్నాయి. "బాగుందా?" అని అరిచింది తోటికోడలు.

"బాగుంది చిన్నమ్మమ్మా. ఏడుపొస్తోంది."

"అది ఏడుపు కాదే, ఘాటు. చున్నీతో తుడుచుకోబాకు, దానికి కూడా అంటింది, ఇంకా మండుద్ది."

నేనొక ఎండు కాయ తీసి దాని చెవి దగ్గర ఊపాను. గింజలు గలగలమన్నాయి. "కాయ ఎండిందో లేదో ఇట్టా చూస్తాం. పచ్చికాయ ఊపితే మాట్లాడదు. ఎండాకే మాట్లాడుద్ది" అని చెప్పాను. పనికొచ్చే మాటేమీ కాదు, కల్లంలో ఎవరైనా చెప్పే మాటే. దాన్నికూడా ఫోన్లో ఎక్కించుకుంది.

నాలుగు రోజుల తర్వాత మా పాట బాణీలోనే తన మాటలు కట్టుకొచ్చి నా ముందు పాడింది.

"ఎవరివే నువ్వంటే ఏమి చెప్పేదే
ఎండిన కాయల్లే గలగలన్నానే"

అక్కడ ఆగింది. నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊరికే నిలబడింది. తర్వాత అందుకుంది.

"తాలునో మేలునో తేలకుండానే
తట్టలో దొర్లుతూ నవ్వుకున్నానే"

రెండో చరణం పత్తి పువ్వుమీద.

"పూసిన పొద్దున తెల్లగున్నానే
మర్నాటి పొద్దుకు ఎర్రబడ్డానే"

మళ్ళీ ఆగింది.

"ఏ రంగు నీదని ఎవరడిగినా
దూదయ్యాక రమ్మని చెప్పిపంపానే"

నేను పెన్సిల్ తియ్యలేదు. తాలు లేదు. ఒకటే అడిగాను. "మధ్యలో ఆగుతావేందే?"

"మీరు ఆగారుగా."

"మేము తుమ్మటానికి ఆగామే."

"అక్కడ ఆగకపోతే పాట నడవట్లేదు అమ్మమ్మా. ఎన్నిసార్లు పాడినా అక్కడికి రాగానే నోరు తనంతట తనే ఆగిపోతోంది."

నిజమే. మా పాటనుంచి తుమ్ము తీసేస్తే కుంటుతుంది. నేను కూడా ఇంట్లో గిన్నెలు తోముతూ పాడుకుంటే అక్కడ ఆగుతాను.

తర్వాతి వారం రిహార్సల్ అని పోయి, సాయంత్రం నేలమీద కాళ్ళు ఆనకుండా వచ్చింది. వాళ్ళ తెలుగు లెక్చరర్ గారు విన్నారట. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారట.

"పాటకంటే ఆ మౌనం గొప్పగా ఉందన్నారు అమ్మమ్మా. ఆ ఆగిన చోట తరతరాల వేదన ఉందన్నారు."

"తరతరాల తుమ్ము ఉంది. చెప్పకపోయావా?"

కంచంలో అన్నం కలుపుతూ కూర్చుంది.

"ఏమే, చెప్పలా?"

"ఎక్కడినుంచి వచ్చిందమ్మా నీకీ మౌనం అని అడిగారు. లోపలినుంచి సార్ అన్నాను."

"లోపలినుంచే. ముక్కు లోపలినుంచి."

"అందరి ముందూ తుమ్మని చెప్తే బాగోదు అమ్మమ్మా."

"తుమ్మడం బాగోదా, మేము బాగోమా?"

అనకూడని మాటే. నేనెప్పుడూ అనేశాకే అనుకుంటాను. అది అన్నం వదిలేసి లేచిపోయింది. మర్నాడు పొద్దున బస్సెక్కేముందు, "వార్షికోత్సవానికి నువ్వు రాబాకమ్మమ్మా. నిన్ను చూస్తే నాకు మాటరాదు" అంది.

రాబాకు అన్నాక పోకుండా ఉండే మనిషిని కాను. ఆ రోజు మేస్త్రీని అడిగి మధ్యాహ్నం దాకే పనిచేసి నేనూ తోటికోడలూ బస్సెక్కాం. ఇంటికెళ్ళి చీర మార్చుకునే తీరిక లేదు. బస్సులో మా ముందున్నాయన తుమ్మాడు. ఆయన పక్కనున్నామె తుమ్మింది. కండక్టర్ టికెట్ కొడుతూ కొడుతూ మూడుసార్లు తుమ్మి, "మీరిద్దరూ వెనక సీటుకు పోండమ్మా, పుణ్యముంటది" అన్నాడు. వెనక సీటంతా మా ఇద్దరికే. కాళ్ళు చాపుకుని పోయాం.

హాల్లో కూడా వెనకే కూర్చున్నాం. మా చుట్టూ కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే లేచి ముందుకు జరిగారు. కొంతసేపటికి మనవరాలి పేరు పిలిచారు. అది స్టేజీ ఎక్కి మైకు ముందు నిలబడగానే ఒక మూలనుంచి సన్నగా "నేను... నేను..." అని మొదలైంది. దాని మొహం పోయినేడు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు నాకు కనిపించింది. తోటికోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కానీ పాడింది. గలగలన్నానే అని ఆగింది.

హాలు నిశ్శబ్దం అయిపోయింది. ముందు వరుసలో లెక్చరర్ గారు కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చారు. ఒకటి, రెండు. మా తోటికోడలి చేతులు వాటంతటవి ముందుకు పోయి లేని కుప్పను లాక్కున్నాయి. మొహం ఎడమ భుజంవైపు తిరిగింది. నేను కాలు తొక్కుదామనుకునేలోపు నా మొహం కూడా తిరిగిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ చోట తుమ్మిన ముక్కు నాది. దానికి కాలేజీ అని తెలియదు, కల్లం అని తెలియదు. పాట ఆగితే తుమ్ముతుంది. చీరల్లో దుమ్ము ఉండనే ఉంది.

రెండు తుమ్ములు. ఆమెది కొబ్బరికాయ పగిలినట్టు, నాది దాని వెనకాలే చిప్ప దొర్లినట్టు.

హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. లెక్చరర్ గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. పిల్ల మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మమ్మల్ని చూసేసింది. నేను తల వంచుకున్నాను. చంపేశానురా దేవుడా, నా ముక్కుతో నా మనవరాలి పుస్తకం పొయ్యిలో పెట్టేశాను అనుకున్నాను.

"నేను" అంది అది.

మగపిల్లలు వెంటనే అందుకున్నారు. "నేను... నేను..."

"నేను ఒక మాట చెప్పాలి" అంది. నవ్వులు కొంచెం తగ్గాయి. "సార్, అది మౌనం కాదండి. తుమ్మండి."

లెక్చరర్ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"మా అమ్మమ్మ వాళ్ళు మిరపకాయలు ఏరతారండి. అందరూ ఒకేసారి కుప్ప లాక్కుని ఒకేసారి తుమ్ముతారు. ఆ చోటు అది. బాణీ కూడా వాళ్ళదే. రూలు పెట్టింది మా అమ్మమ్మ. అదిగో, వెనకాల. ఇందాక తుమ్మింది ఆవిడే."

హాలంతా వెనక్కి తిరిగింది. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. మా తోటికోడలు మాత్రం లేచి నిలబడింది.

"ముందు తుమ్మింది నేను. ఆమెది రెండోది" అంది, అంత పెద్ద గొంతుతో.

నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. స్టేజీమీద అది కూడా నవ్వింది. మైకు పక్కకు తిప్పకుండా నవ్వడంతో ఆ నవ్వు గోడలకు కొట్టుకుని మళ్ళీ వచ్చింది. "మొదటినుంచి పాడతాను. అక్కడ ఆగినప్పుడు ఎవరికైనా వస్తే ఆపుకోకండి" అంది.

మళ్ళీ పాడింది. ఈసారి ఆ చోటుకు వచ్చేసరికి ముందు పది మంది తుమ్మారు. రెండో చరణానికి హాలంతా తుమ్మింది. 'నేను నేను' అన్న మూల అందరికంటే గట్టిగా తుమ్మింది. లెక్చరర్ గారు కూడా తుమ్మారు గానీ దూదయ్యాక అనే మాటమీద తుమ్మారు. తాళం తప్పారు. కొత్తవాళ్ళకు అలాగే అవుతుంది. పిల్ల చివరి వరుస దాకా పాడి, దండం పెట్టి, మెట్లమీదుగా నెమ్మదిగా దిగింది. పోయినేడు మెట్లు చూసుకోకుండా దూకిందట.

మొదటి బహుమతి సినిమావాళ్ళ గొంతులు అనుకరించిన అబ్బాయికి ఇచ్చారు. వాడు బాగానే చేశాడు, ఒప్పుకోవాలి. దీనికి ప్రోత్సాహక బహుమతి కింద స్టీలు గ్లాసు ఇచ్చారు. లెక్చరర్ గారు మా దగ్గరకు వచ్చి చేతులు కట్టుకుని, "నేను ఏదేదో అనుకున్నానమ్మా" అన్నారు.

"పర్లేదండి. ఒక పూట కల్లానికి రండి, మీకే తెలుస్తది" అన్నాను.

"తప్పకుండా" అంటూ మాకు దగ్గరగా జరిగి, మాట పూర్తిచేయకుండా జేబురుమాలు తీసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల మా ఇద్దరి మధ్య కూర్చుంది. వెనక సీటే. వద్దన్నా ఎందుకొచ్చావని అడగలేదు. నేనూ ఆ రోజన్న మాటకు ఏమీ అనుకోబాకు అని చెప్పలేదు. ఆ స్టీలు గ్లాసులో పల్లీలు పోసుకుని ముగ్గురం తిన్నాం.

ఇప్పుడు క్యాంటీన్ దగ్గర దాన్ని చూస్తే మగపిల్లలు తుమ్ముతారట. ఇదీ తిరిగి తుమ్ముతుందట. తానెవరో తెలిసిందా అని అడిగితే, "ఇంకా దూది అవలేదు అమ్మమ్మా" అంటుంది. మంచిదే. తొందరేముంది.

వార్షికోత్సవం మర్నాడు పొద్దున బల్లమీద నీలం అట్ట నోటుబుక్కు ఉంటే తెరిచాను. ఆనందం ఇచ్చిన మూడు సంగతులు రాసింది: చిన్నమ్మమ్మ తుమ్ము, సార్ తుమ్ము, పల్లీలు.

"నాది ఏదే?" అని అడిగాను.

"నీది పాటలోనే ఉందిగా" అంది జడ వేసుకుంటూ.

పాటలో ఉంటే ఉంది. పల్లీలకంటే తీసిపోయానా? పెన్సిల్ తీసుకుని నాలుగోది నా చేత్తో నేనే రాశాను: అమ్మమ్మ తుమ్ము. ఒత్తులు మూడూ ఒక్క తడవకే పడ్డాయి.